మీ షవర్‌లో ప్రెషర్ ఎందుకు లేదు? గోల్కొండ నుంచి బాలానగర్ దాకా నీళ్ల ఎత్తుపల్లాల కథ

ఈ ఎపిసోడ్ నా జేబుకు చిల్లు పడ్డ ఒక చిన్న తప్పుతో మొదలుపెడతాను.

మేం బాలానగర్‌లో ఒక జీ ప్లస్ త్రీ బిల్డింగ్‌లో ఉంటాం, అద్దెకి. మాది పైన, మూడో అంతస్తు. కింద లేత్ మిషన్ల చప్పుడు, పైన ఎండ, మధ్యలో మేం. ఇంట్లో షవర్ ఉంది కానీ అది షవర్ అని పేరుకే. మబ్బు పట్టిన రోజు రెండు చుక్కలు పడ్డట్టు పడతాయి. పది లీటర్ల బకెట్ నిండడానికి ఎంత టైమ్ పడుతుందో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. రెండున్నర నిమిషాలు.

సరే, మనం ఇంజనీర్ కదా, ఆలోచించాను. "ట్యాంకు చిన్నది, 500 లీటర్లే. పెద్దది పెడితే ఎక్కువ నీళ్లు, ఎక్కువ బరువు, ఎక్కువ ప్రెషర్." ఓనర్ అంకుల్‌ని ఒప్పించి, సగం డబ్బులు నేనే పెట్టి 1000 లీటర్ల ట్యాంకు తెప్పించాను. పాతది తీశాం, కొత్తది అదే చోట పెట్టాం. నింపాం. కిందికి పరిగెత్తి షవర్ తిప్పాను.

అవే రెండు చుక్కలు!

ప్లంబర్ అన్న నవ్వాడు. "సార్, ట్యాంకు పెద్దగైంది. హెడ్ పెరగలే కదా" అన్నాడు. బీటెక్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ చదివిన ఫ్రెండ్స్ రూమ్‌మేట్స్‌గా ఉండి కూడా, ఆ "హెడ్" అనే మాటకు అర్థం నాకు ఆ రోజు టెర్రస్ మీద తెలిసింది. ఆ ఒక్క మాట పట్టుకుని వెళ్తే, హైదరాబాద్ నీళ్ల చరిత్ర మొత్తం తెరుచుకుంది. చివరికి అది మా గల్లీలో ఒక పెద్దమ్మ ఇంటి నల్లా దగ్గర ఆగింది. అక్కడికి కూడా వెళ్దాం, కానీ ముందు లెక్క.

ప్రెషర్ అంటే ఎత్తు. అంతే.

నీళ్ల ప్రెషర్ ట్యాంకు సైజును బట్టి ఉండదు. ట్యాంకులో నీటి మట్టం మీ నల్లా కంటే ఎంత ఎత్తులో ఉందో దాన్ని బట్టి ఉంటుంది. దీన్నే ప్లంబర్లు హెడ్ అంటారు. 10 మీటర్ల ఎత్తుకు సుమారు 1 బార్. బార్ అంటే ఎంతో తెలియాలంటే మీ బైక్ టైర్ గుర్తు తెచ్చుకోండి. 30 పీఎస్ఐ కొట్టిస్తారు కదా, అది సుమారు 2 బార్.

ఈ సంగతిని 1586లోనే సైమన్ స్టెవిన్ అనే డచ్ ఇంజనీర్ పుస్తకంలో రాసి పెట్టాడు. సన్నటి గొట్టంలో నీళ్లైనా, పెద్ద తొట్టిలో నీళ్లైనా, ఎత్తు ఒకటే అయితే అడుగున ఒత్తిడి ఒకటే. వినడానికి వింతగా ఉంటుంది. అందుకే దానికి హైడ్రోస్టాటిక్ పారడాక్స్ అని పేరు పడింది. నేను 2000 లీటర్ల ట్యాంకు పెట్టినా, 5000 లీటర్లది పెట్టినా, అదే స్లాబ్ మీద పెడితే పెద్దగా తేడా రాదు. కొత్త ట్యాంకు కాస్త పొడుగు కాబట్టి నిండుగా ఉన్నప్పుడు ఒక జానెడు హెడ్ పెరిగిందేమో, అంతే.

ఇప్పుడు మా ఇంటి లెక్క చూడండి. మా ఫ్లోర్ నుంచి టెర్రస్ స్లాబ్ దాకా 3 మీటర్లు. షవర్ 2 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే ట్యాంకు అడుగుకీ షవర్‌కీ మధ్య 1 మీటరే. అంటే 0.1 బార్. టైర్‌లో అంత గాలే ఉంటే బండి రిమ్ మీద నడుస్తుంది!

అదే గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే ఓనర్ అంకుల్‌కి? మూడు ఫ్లోర్లు కిందికి, ఇంకో 9 మీటర్లు. మొత్తం 1 బార్. నేను కంప్లైంట్ చేసినప్పుడల్లా ఆయన "మాకు మంచిగనే వస్తున్నయి కదా బాబూ" అనేవారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఒకే ట్యాంకు, ఒకే పైపు, ఒకే నీళ్లు. ఆయనకు నాకంటే పది రెట్ల ప్రెషర్.

మనకో సామెత ఉంది కదా, నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అని. నీళ్లకు పల్లం తప్ప ఇంకేం తెలియదు. నీళ్లు పైకి రావాలంటే ఎవరో ఒకరు ఎత్తాలి. ఎత్తినందుకు ఎవరో ఒకరు ఖర్చు పెట్టాలి. ఈ ఎపిసోడ్ మొత్తంలో గుర్తు పెట్టుకోవాల్సిన ప్రశ్న ఇదే: ఎత్తు ఖర్చు ఎవరు కడుతున్నారు?

గోల్కొండ: ఎద్దులు కట్టిన ఖర్చు

హైటెక్ సిటీలో పని చేసేటప్పుడు దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి దాటి వెళ్లేవాడిని. 2020లో అది ఓపెన్ అయినప్పుడు మనందరం సెల్ఫీలు దిగాం. నేను కూడా. కానీ బ్రిడ్జి కింద ఉన్న చెరువు కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకు తాగునీళ్లు ఇచ్చిన చెరువని అప్పుడు నాకు తెలియదు. ఐటీ కారిడార్ నడిబొడ్డున, మన ఆఫీసు క్యాబ్‌లు తిరిగే చోట, నాలుగు వందల ఏళ్ల నాటి వాటర్ సప్లై సోర్స్ ఉంది.

కోట కింది భాగానికి నీళ్లు రావడం పెద్ద కథ కాదు. పల్లం ఉంటే చాలు. అసలు సమస్య పైన బాలాహిస్సార్‌ది. ఆ గుట్ట ఎత్తు సుమారు 120 మీటర్లు. రాజుగారు ఉండేది పైన, నీళ్లు ఉండేది కింద.

మన లెక్క ప్రకారం 120 మీటర్లంటే 12 బార్. ఒకే పైపులో కింద నుంచి పైదాకా నీళ్లు నిలబెడితే, అడుగున పైపు 12 బార్ తట్టుకోవాలి. వాళ్ల దగ్గర ఉన్నవి మట్టి పైపులు. పగిలిపోతాయి. మరి వాళ్లేం చేశారు? మెట్లు మెట్లుగా ఎత్తారు. ఒక తొట్టి, దాని పైన పశువులు తిప్పే పర్షియన్ చక్రం, పైన ఇంకో తొట్టి, మళ్లీ చక్రం. పై తొట్ల నుంచి మట్టి పైపులు, రాతి కాలవల ద్వారా కిందికి పంచారు.

ఇక్కడ అందం ఏమిటంటే, నీళ్లు తెరిచి ఉన్న తొట్టిలో పడిన ప్రతిసారీ ప్రెషర్ మళ్లీ జీరో అవుతుంది. ఏ పైపూ తన మెట్టు కంటే ఎక్కువ ఒత్తిడి మోయాల్సిన పని లేదు. పెద్ద ప్రాబ్లమ్‌ని చిన్న చిన్న ఫంక్షన్లుగా విడగొట్టడం అంటాం కదా, అదే.

ఇప్పుడు గచ్చిబౌలి వైపు లేస్తున్న 40 అంతస్తుల టవర్ చూడండి. అంతస్తుకు 3 మీటర్లు వేసుకుంటే 120 మీటర్లు. సరిగ్గా గోల్కొండ గుట్ట అంత. పైన ఒక్క ట్యాంకు పెట్టి నేరుగా వదిలితే కింది ఫ్లోర్ నల్లాల మీద 12 బార్ పడుతుంది, వాషర్లు ఎగిరిపోతాయి. అందుకే అలాంటి బిల్డింగుల్లో జోన్లుగా విడగొట్టి, మధ్యలో ప్రెషర్ తగ్గించే వాల్వులో, ట్యాంకులో పెడతారు. టెక్నాలజీ మారింది, ఐడియా అదే.

ఖర్చు మాత్రం ఆ రోజుల్లో ఎద్దులు కట్టాయి, వాటిని తోలే మనుషులు కట్టారు. ఊళ్లో మీ తాతని అడగండి, మోట కొట్టడం అంటే ఏంటో చెబుతారు. పొద్దున్నుంచి ఎద్దులు ముందుకీ వెనక్కీ నడిస్తేనే మడి తడిసేది.

గండిపేట: పల్లమే పంపు

ఇప్పుడు 1908కి వద్దాం. సెప్టెంబర్ 28న మూసీ వరద. హైదరాబాద్‌లో వేల మంది కొట్టుకుపోయారు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఊరికి ఎగువన మూసీ మీద, ఈసీ మీద రిజర్వాయర్లు కట్టి వరదను అక్కడే పట్టాలని ఆయన చెప్పారు. అలా మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్ సాగర్‌నే మనం గండిపేట అంటాం.

వరద కథ అందరూ చెబుతారు. నాకు నచ్చింది ఇంకో విషయం. గండిపేట పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 1,790 అడుగులు, అంటే సుమారు 546 మీటర్లు. హుస్సేన్ సాగర్ ఫుల్ ట్యాంక్ లెవల్ సుమారు 513 మీటర్లు. మూసీ ఒడ్డున ఉన్న పాత నగరం ఇంకా కింద. అంటే గండిపేట ఊరి నెత్తి మీద పెట్టిన ఓవర్‌హెడ్ ట్యాంకు! నీళ్లు గ్రావిటీతోనే కాలవలో ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా వచ్చేవి. పంపు లేదు, కరెంటు లేదు. నీరు పల్లమెరుగు అన్న సామెతను సిమెంటు, రాయి పెట్టి కట్టినట్టు.

ఇక్కడ ఎత్తు ఖర్చు ఎవరు కట్టారు? సూర్యుడు, మబ్బులు. వాన ఎలాగూ పైనే పడుతుంది. పైనే పట్టుకుంటే చాలు. ఒకసారి కిందికి జారనిచ్చాక మళ్లీ ఎత్తాలంటేనే ఖర్చు.

ఊరు గుట్టలెక్కింది

సమస్య ఏమిటంటే, ఊరు పల్లంలో ఉండలేదు. ఎక్కింది.

బంజారాహిల్స్ వైపు హైదరాబాద్‌లోనే ఎత్తైన చోటు 672 మీటర్లు. గండిపేట 546. ఆ తేడా 126 మీటర్లు, ఇంకో గోల్కొండ గుట్ట. ఆ ఎత్తుకు గండిపేట నీళ్లు తమంతట తాము ఎలా వెళ్తాయి? వెళ్లవు.

మన బాలానగర్ కథ కూడా ఇక్కడే వస్తుంది. 1960లలో ఈ వైపంతా ఫ్యాక్టరీలు దిగాయి. ఐడీపీఎల్, హెచ్‌ఏఎల్, 1968లో సీఐటీడీ, అటు రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్. వాటి చుట్టూ వందల చిన్న వర్క్‌షాపులు, వాటి చుట్టూ వర్కర్ల ఇళ్లు. ఊరు పడమరకు, ఉత్తరానికి పెరిగింది. అదే దశాబ్దంలో, 1965లో, మంజీరా మొదటి దశ నీళ్లు వచ్చాయి. 1981లో రెండో దశ. 1990ల మొదట్లో సింగూరు నుంచి మూడు, నాలుగు దశలు. ఈ మధ్యలో 1989లో వాటర్ బోర్డు ఏర్పడింది. పల్లంతో గడిచే కాలం అయిపోయింది, పంపుల కాలం వచ్చింది.

ఆ తర్వాత సైబరాబాద్ వచ్చింది. మంజీరా చాల్లేదు. 2004లో కృష్ణా, 2015లో గోదావరి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి వస్తాయి. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, సుమారు 180 మీటర్లు. హైదరాబాద్ సగటు ఎత్తు సుమారు 540 మీటర్లు. అంటే 360 మీటర్లు పైకి ఎత్తాలి. మూడు గోల్కొండ గుట్టలు, ఒకదాని మీద ఒకటి. గోదావరి నీళ్లు తీసుకునే ఎల్లంపల్లి ఇంకా కింద, 148 మీటర్లు. అక్కడి నుంచి దాదాపు 400 మీటర్ల ఎత్తు. అది కూడా 180 కిలోమీటర్లకు పైగా పైపులో.

స్కూల్ ఫిజిక్స్ తీద్దాం. 1000 లీటర్లు అంటే 1000 కిలోలు. దాన్ని 360 మీటర్లు ఎత్తాలంటే కనీసం సుమారు 1 యూనిట్ కరెంటు. ఇది పంపులో, పైపులో ఏ నష్టమూ లేదనుకుంటే. నిజంగా అయ్యేది ఇంకా ఎక్కువ. మీ ఇంట్లో మోటర్ అదే 1000 లీటర్లను 15 మీటర్లు ఎక్కించడానికి కావాల్సింది, అదే లెక్కన 0.04 యూనిట్.

2021 జనవరి నుంచి నగరంలో నెలకు 20,000 లీటర్ల దాకా ఫ్రీ. మంచిదే. కానీ బిల్లు జీరో అయితే ఖర్చు జీరో అయినట్టు కాదు. అవి కృష్ణా నీళ్లైతే, మన గల్లీకి చేరేలోపే వాటి మీద కనీసం 20 యూనిట్ల కరెంటు ఖర్చయిపోయింది. టెర్రస్ ట్యాంకు పొంగి పోతుంటే చూస్తూ ఊరుకునే వాళ్లకు ఇది చెప్పండి. పొంగేది నీళ్లే కాదు, 360 మీటర్ల ఎత్తు కూడా.

ప్రతి ఇల్లూ ఒక చిన్న వాటర్ బోర్డు

ఇంత కష్టపడి తెచ్చిన నీళ్లు ఊరంతటికీ 24 గంటలూ ఇవ్వడానికి సరిపోవు. అందుకే వాల్వులు తిప్పి వంతులవారీగా వదులుతారు. మా గల్లీకి రోజు విడిచి రోజు, ఒక గంటో గంటన్నరో.

వంతు అనేసరికి ఇంట్లో నిల్వ కావాలి. అలా సంపు వచ్చింది, మోటర్ వచ్చింది, టెర్రస్ మీద ట్యాంకు వచ్చింది. మొదట్లో సిమెంటు ట్యాంకులు. 1970లలో గుజరాత్‌లో సింటెక్స్ ప్లాస్టిక్ ట్యాంకులు మొదలయ్యాక, ఆ బ్రాండు పేరే వస్తువు పేరైపోయింది. ఏ కంపెనీదైనా మనం సింటెక్స్ అనే అంటాం. మెట్రోలో బాలానగర్ స్టేషన్ దాటుతూ కిటికీలోంచి చూడండి. నల్ల ట్యాంకులు కనుచూపు మేర. ప్రతి ఇల్లూ తన సోర్స్, తన పంపు, తన రిజర్వాయర్, తన ప్రెషర్ తనే చూసుకుంటోంది.

మంచి డిజైన్‌లో సంపు చాలా ముఖ్యం. సంపు నేల కింద ఉంటుంది కాబట్టి గల్లీ పైపులో ప్రెషర్ తక్కువున్నా నీళ్లు తమంతట తాము దాంట్లోకి జారతాయి. అక్కడ మళ్లీ జీరో. అక్కడి నుంచి మన మోటర్ మన ఇష్టం. మన మోటర్ బలం గల్లీ పైపుకు తగలదు. గోల్కొండ తొట్టి చేసిన పనే.

మరి సంపు లేకపోతే? అరవై గజాల ఇంట్లో సంపు ఎక్కడ తవ్వుతారు? చాలామంది మోటర్‌ను నేరుగా నల్లా లైన్‌కే పెడతారు. నీళ్లు రాగానే స్విచ్ వేస్తారు, గల్లీ పైపులోంచి గుంజుతారు.

పెద్దమ్మ నల్లా

ఇప్పుడు ముందు చెప్పిన చోటుకు వచ్చాం. ఈ ఎపిసోడ్ కోసం గల్లీలో నాలుగైదు ఇళ్లలో బకెట్ టెస్ట్ చేశాను. చివరి ఇల్లు ఒక పెద్దమ్మది. రేకుల ఇల్లు, మోటర్ లేదు, నల్లా కింద బిందె. నల్లా వచ్చే టైమే, నల్లా తిప్పి ఉంది, కానీ నీళ్లు లేవు. "ఇంకా రాలేదా పెద్దమ్మా?" అన్నాను.

"వచ్చినయి బిడ్డా. మీ బిల్డింగ్ల మోటర్ ఏసిన్రు. ఏసినప్పుడల్లా ఇట్లనే. చెయ్యి పెట్టి చూడు" అంది.

నల్లా మూతికి అరచెయ్యి పెట్టాను. చెయ్యి లోపలికి గుంజుకుంది. నీళ్లు బయటికి రావాల్సిన నల్లా, గాలిని లోపలికి పీలుస్తోంది. సన్నగా ఉస్సుమని చప్పుడు కూడా.

ఫ్రెండ్స్, నేను ఆ బిల్డింగ్ మూడో అంతస్తు వాడిని. మాకు సంపు ఉందని అప్పటిదాకా అనుకుంటున్నాను. లేదు. మోటర్ నేరుగా లైన్‌కే ఉంది. నా వెయ్యి లీటర్ల కొత్త ట్యాంకు నింపడానికి మోటర్ ఇంకాసేపు ఎక్కువ ఆడుతోంది. అంటే ఎత్తు ఖర్చు ఎవరు కడుతున్నారన్న ప్రశ్నకు మా గల్లీలో జవాబు: పెద్దమ్మ. ఖాళీ బిందెతో.

ఇది న్యాయం అన్యాయం ముచ్చట ఒక్కటే కూడా కాదు. ప్రాణం ముచ్చట. ఎందుకో చూడండి.

పైపులో ప్రెషర్ ఉన్నంతసేపు, పైపుకు పగులు ఉంటే నీళ్లు బయటికి కారతాయి. నీళ్లు వేస్ట్, కానీ మురికి లోపలికి రాదు. ప్రెషర్ పోయి, పైపులో వాక్యూమ్ వస్తే? అదే పగుల్లోంచి బయటిది లోపలికి వస్తుంది. నల్లా గాలిని పీల్చినట్టే, పగులు పక్కనున్న డ్రైనేజీ నీళ్లను పీలుస్తుంది. మన గల్లీల్లో తాగునీటి పైపు, మురుగు పైపు ఎంత దగ్గరగా ఉంటాయో మీకు తెలుసు.

ఈ విషయం కొత్తది కాదు. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ అనే ఊళ్లో 1831లో థామస్ హాక్స్‌లీ అనే ఇంజనీర్, అప్పటికి పాతికేళ్లు కూడా నిండని కుర్రాడు, పైపుల్లో ఎప్పుడూ ప్రెషర్ ఉండేలా సప్లై మొదలుపెట్టాడు. అప్పటికి అక్కడి ఊళ్లలో కూడా మనలాగే వంతులవారీ నీళ్లే. 24 గంటలు ఇస్తే జనం వేస్ట్ చేస్తారని వాదన. నిరంతర ప్రెషర్ వల్ల వేస్ట్ కాదని, నీళ్లు శుభ్రంగా ఉంటాయని ఆయన 1844లో రాయల్ కమిషన్ ముందు చెప్పాడు. దాదాపు రెండు వందల ఏళ్ల కిందటి మాట.

మన దగ్గరకు వస్తే, 2009 మేలో ముషీరాబాద్ దగ్గర భోలక్‌పూర్‌లో తాగునీటిలో మురుగు కలిసింది. పలువురు చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల్లో చేరారు. అక్కడ మోటర్ల వల్లే జరిగిందని నేను అనడం లేదు. కానీ తాగే పైపులోకి మురుగు దారి దొరికితే ఏమవుతుందో అది చూపించింది. లైన్‌కు పెట్టిన ప్రతి మోటర్ ఆ దారిని వెడల్పు చేస్తుంది. 2025 ఏప్రిల్‌లో వాటర్ బోర్డు ఇంటింటికీ తిరిగి ఇలాంటి మోటర్లు తీసేయించే డ్రైవ్ మొదలుపెట్టింది. దొరికితే మోటర్ పోతుంది, 5,000 రూపాయల ఫైన్ కూడా. చాలామంది ఫైన్ గురించే మాట్లాడుకున్నారు. కారణం గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

మేం ఏం చేశాం, మీరేం చేయొచ్చు

ఓనర్ అంకుల్ దగ్గరికి వెళ్లాను. "అందరూ పెట్టిన్రు, మనమొక్కరం తీస్తే మనకే రావు" అన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది, ఊరికే కొట్టిపారేయలేను. వాదించలేదు. ఆయన్ని పెద్దమ్మ ఇంటికి తీసుకెళ్లి, మోటర్ వేయించి, నల్లాకు చెయ్యి పెట్టమన్నాను. ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత ప్లంబర్ అన్నకి తనే ఫోన్ చేశారు.

మెట్ల కింద జాగాలో, మేం తీసేసిన పాత 500 లీటర్ల ట్యాంకునే పెట్టాం. సంపు తవ్వే పని లేకుండా అదే సంపు అయింది. నల్లా నీళ్లు దాంట్లో పడతాయి, దాంట్లోంచి మోటర్ పైకి తీసుకుంటుంది. లైన్‌కూ మోటర్‌కూ సంబంధం లేదు. నిండడానికి ఇదివరకటి కంటే టైమ్ ఎక్కువ పడుతుంది. పడనీ. గల్లీలో ఇంకా కొన్ని మోటర్లు ఉన్నాయి. పెద్దమ్మ బిందె ఇప్పటికీ నిమిషంలో నిండదు. కానీ మా మోటర్ ఆడుతున్నప్పుడు ఆమె నల్లా గాలి పీల్చడం లేదు. అది మాత్రం చెయ్యి పెట్టి చూశాను.

ఇక షవర్ సంగతి. టెర్రస్ మీద ట్యాంకును 5 అడుగుల స్టాండ్ మీదకు ఎక్కించాం. అంటే మీటరున్నర హెడ్ పెరిగింది. అదే బకెట్ ఇప్పుడు నిమిషం నలభై సెకన్లలో నిండుతోంది. ఎత్తు రెట్టింపైతే ధార రెట్టింపు కాదు, సుమారు నలభై శాతమే పెరుగుతుంది. అయినా చాలు, ఇప్పుడది షవర్ లాగానే ఉంది.

మీ ఇంట్లో ట్రై చేయాలంటే మూడు విషయాలు.

ఒకటి, ముందు టేపు పట్టుకుని కొలవండి. ట్యాంకు అడుగుకీ షవర్‌కీ మధ్య ఎన్ని మీటర్లు? ప్రతి మీటరుకు 0.1 బార్. ఎత్తు బాగానే ఉండి ధార సన్నగా ఉంటే తప్పు పైపుది. లోపల తుప్పు పట్టి పైపు వ్యాసం సగమైతే, అంతే నీళ్లు పంపడానికి పోయే ప్రెషర్ సుమారు ముప్పై రెట్లు పెరుగుతుంది. పాత జీఐ పైపు మార్చడం, లేదా షవర్ మూతిలో చేరిన తెల్ల పొర గీకడం, కొత్త ట్యాంకు కంటే చవక. నన్ను చూసి నేర్చుకోండి.

రెండు, స్టాండ్ వేసేముందు బరువు చూసుకోండి. 1000 లీటర్లంటే ఒక టన్ను. స్లాబ్ మధ్యలో కాదు, పిల్లర్ల మీద పడేలా కట్టించాలి. మేస్త్రీని పిలిచి చూపించండి.

మూడు, ప్రెషర్ పంపు కావాలంటే ట్యాంకు తర్వాత పెట్టుకోండి. మీ ట్యాంకులో నీళ్లు మీవి, ఎంత ప్రెషర్‌తో వాడుకున్నా ఎవరికీ నష్టం లేదు. ట్యాంకుకు ముందు, నల్లా లైన్‌కు మాత్రం వద్దు. అక్కడున్న ప్రెషర్ మీ ఒక్కరిది కాదు, గల్లీ అందరిదీ.

గోల్కొండలో ఎత్తు ఖర్చు ఎద్దులు కట్టాయి. గండిపేటలో వాన కట్టింది. కృష్ణా, గోదావరి పంపుల దగ్గర కరెంటు కడుతోంది. మీ గల్లీలో ఎవరు కడుతున్నారో ఈసారి నల్లా వచ్చినప్పుడు చివరి ఇంటికి వెళ్లి చూడండి. నల్లాకు చెయ్యి పెట్టండి. నీళ్లు తోస్తున్నాయా, గాలి గుంజుతోందా? ఏమైందో కామెంట్లో రాయండి, నేను చదువుతాను.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే ఫ్రెండ్స్. ట్యాంకు నిండితే మోటర్ ఆఫ్ చేయడం మర్చిపోకండి. మళ్లీ కలుద్దాం.